ఇంజను మీద మంత్రసాని బొటనవేలు

మా ఆయన చేతులు ఊరికే ఉండవు. ఆ సంగతి పెళ్ళైన కొత్తలోనే తెలిసింది కానీ, అది నా ప్రాణం మీదికి తెస్తుందని తొలి కాన్పు రోజే తెలిసింది.

రజాకార్ల గొడవలు సద్దుమణిగిన మరుసటి వానకాలం. మోతె దగ్గర మా అత్తవారి ఊళ్ళో నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందనీ, తనవల్ల కాదనీ మంత్రసాని దాపరికం లేకుండా చెప్పేసింది. కబురు అందగానే సూర్యాపేట నుంచి మా నాన్న కిరాయి మోటరు పంపాడు. వెనక నేనూ మంత్రసానీ, ముందు డ్రైవరు పక్కన మా ఆయన.

వాగు దాటి గట్టెక్కగానే మోటరు ఆగిపోయింది. డ్రైవరు బానెట్ ఎత్తి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. లోపలంతా తడి. తుడుస్తుంటే చిన్న స్క్రూ ఒకటి ఊడి అడుగుకు జారింది. ఇక డిస్ట్రిబ్యూటర్ మొత్తం ఊడదీయక తప్పదు. డ్రైవరు మంత్రసాని ఆకువక్కల సంచిలోంచి సున్నం అడిగి తీసుకుని, లోపల తిరిగే ముల్లు ఎటు చూస్తోందో ఇంజను మీద గీత గీశాడు. మళ్ళీ సరిగ్గా అట్లాగే దించాలట. తర్వాత దాన్ని ఊడదీసి తీసుకుపోయి, చెట్టు కింద రుమాలు పరిచి, బోర్లించి స్క్రూ రాల్చే పనిలో పడ్డాడు.

ఆ రోజుల్లో మోటరు ఆగితే ఎక్కిన మగవాళ్ళు దిగి, ఇంజను అందుకునేలా ముందున్న హ్యాండిల్ తిప్పడం మర్యాద. నేను నొప్పికి గట్టిగా అరిచాను. మా ఆయన తట్టుకోలేక, ముందుకు పోయి హ్యాండిల్ గిరగిరా తిప్పేశాడు.

డ్రైవరు పరుగున వచ్చాడు.

"అయ్యా, గా డిస్ట్రిబ్యూటర్ లేనప్పుడు తిప్పొద్దు. ఇంజన్ తిరిగిపోయింది. ఇగ నా గీత పనికిరాదు."

నాకు చావు కళ్ళముందు కనబడింది. నాలుగు తిట్టబోయాను కానీ నొప్పి నోరు నొక్కేసింది.

డ్రైవరు మాత్రం ఒక్క మాట తూలలేదు. మొదటి ప్లగ్గు ఊడదీసి మంత్రసానిని పిలిచాడు. "అవ్వా, జర గీ బొక్క మీద బొటనేలు అదిమి పట్టు. గాలి తన్నంగనే చెప్పు."

నా కడుపు తడిమి బిడ్డ ఎటుందో చెప్పిన ఆ అవ్వ, కళ్ళు మూసుకుని ఇంజను మీద వంగింది. అతను హ్యాండిల్ మెల్లమెల్లగా తిప్పాడు.

"తన్నుతున్నది కొడుకా! ఆపు!"

గాలి తన్నే ఆ అదునులోనే మొదటి ప్లగ్గుకు కరెంటు అందాలట. అతను హ్యాండిల్ ఇంకాస్త జరిపి చూసుకుని, ముల్లు మొదటి ప్లగ్గు తీగ వైపు ఉండేలా డిస్ట్రిబ్యూటర్ దించి, ప్లగ్గూ మూతా బిగించాడు. హ్యాండిల్ తిప్పితే ఇంజను ఒకసారి దగ్గి, అందుకుంది. అంత తీయని చప్పుడు నేనెన్నడూ వినలేదు. ఆ ఇద్దరి చేతులూ కళ్ళకద్దుకోవాలనిపించింది.

సూర్యాపేట దవాఖానలో నేనూ బతికాను, బిడ్డా బతికింది. ఇంత ఆలస్యం ఎందుకైందని బయట మా నాన్న డ్రైవరును నిలదీశాడట. "నాదే తప్పయ్యా. వాగు నిమ్మళంగ దాటియ్యాల్సుండె," అన్నాడట అతను. పక్కనే ఉన్న మంత్రసానీ నోరు విప్పలేదట. ఈ సంగతి నాకు చెప్పింది మా ఆయనే, బిడ్డను ఎత్తుకుని, వెక్కివెక్కి ఏడుస్తూ.