మంజీర మడుగు దగ్గర మల్లయ్యకు నేను చేసింది

ఇన్నేళ్లుగా దీన్ని గుండె మీద మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెప్పగలుగుతున్నానంటే, మీరు నా ముఖం చూడలేరు గనుక.

డెబ్బయ్యో దశకం చివర్లో నేను రాయికోడ్ అవతల మంజీర ఒడ్డున చేపల శాఖ కాపలాదారుని. అక్కడ నదిలో రాళ్ల మధ్య లోతైన మడుగు ఉండేది. చేపలు గుడ్లు పెట్టే చోటని అందులో రాళ్లు పగలగొట్టే తూటాలు పేల్చడం, చేపల్ని చంపే మందు కలపడం నిషేధించారు. చూసుకోవలసింది నేనే. కాని దగ్గర్లోని రాళ్ల క్వారీ మనుషులు వచ్చి తూటాలు వేస్తుంటే అటు తిరిగి కూర్చునేవాణ్ణి. పెద్ద చేపలు మా ఇంటికి వచ్చేవి.

అక్కడ వల వేసుకుని బతికే మల్లయ్యకు ఇది తెలిసిపోయింది. ఒక మధ్యాహ్నం అతడు అరుస్తూ ఒడ్డు దిగేసరికి క్వారీవాళ్లు పారిపోయారు. మడుగంతా చచ్చిన చేపపిల్లలు తేలుతున్నాయి.

"కాపలా ఉండెటోళ్లు మీరే గిట్ల జేపిస్తే ఎట్ల సారూ? రేపు జహీరాబాద్ పోత. పెద్దసారుకు అంత జెప్త."

అతడి గొంతులో కోపం కన్నా ఏడుపే ఎక్కువ. అదే నన్ను మండించింది.

వాళ్లు విసిరిన చివరి తూటా నీళ్లలో పడలేదు. బండ వెనక ఇసుకలో పడింది. వత్తి సన్నగా పొగలు కక్కుతోంది. నాకు కనబడుతోంది. అతడికి కనబడదు.

"మల్లయ్యా, గా బండెనక పెద్ద చేప కొట్టుకుంటున్నది. జర నీళ్లల్ల ఇడువు."

పరుగెత్తాడు.

భయంలో నోరు జారానా? ఎన్నోసార్లు నన్ను నేను అలా నమ్మించుకోబోయాను. కాని ఆ మాట అనేముందే నేను వెనక్కి జరిగి రాయి చాటుకు వెళ్లాను. నోరు జారినవాడు అలా దాక్కుంటాడా?

తూటా పేలి అతడి చేతులు రెండూ పోయాయి. కళ్లూ పోయాయి. ఎడ్లబండిలో దవాఖానకు తీసుకెళ్తుంటే, నా ఒడిలో తల పెట్టుకుని అడిగాడు.

"సారూ, చేప నీళ్లల్ల వడ్డదా?"

"పడ్డది," అన్నాను.

తూటా వేయబోయింది అతడేనని అధికారికి చెప్పాను. అతడు మొత్తుకున్నాడు, ఎవరూ వినలేదు. వల వేసే హక్కు తీసేశారు. నన్ను మెచ్చుకున్నారు. ఎనభైలలో అతడు పోయాడని విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఇక అడిగేవాడు లేడని అన్నం కడుపునిండా తిన్నాను.

క్షమించమని అడగను. క్షమించవలసినవాడు లేడు. తెలిసే పంపాను. ఈ రెండు మాటలు రాయడానికి ముసలివాణ్ణి కావలసి వచ్చింది. రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.