ఎండ తగలని డాష్‌బోర్డు

మా బావమరిది నోట్లో నాలుక లేని మనిషి. బస్సులో ఎవరైనా తన కాలు తొక్కితే తనే క్షమించమంటాడు. అలాంటివాడి చేతికి ఒక ఫారం, ఒక స్కేలు ఇచ్చి కార్ల సర్వీసు సెంటర్లో కూర్చోబెట్టారు. వారంటీ ఉండగానే డాష్‌బోర్డు పగిలిన కారు వస్తే, అది ఎవరి తప్పో తేల్చడం వాడి ఉద్యోగం. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా అది కంపెనీ తప్పు కాలేదు.

పగులు జానెడు లోపు ఉంటే అది పగులు కాదు, గీత. జానెడు దాటితే ప్రశ్నలు మొదలవుతాయి. తడిగుడ్డతో తుడిచారా అని అడుగుతాడు. తుడిచామంటే, అందుకే పగిలింది. తుడవలేదంటే, దుమ్ము పేరుకుని పగిలింది. ఇవేవీ కుదరకపోతే ఎండ ఉండనే ఉంది. ఒక లెక్కల మాస్టారు, "కారును ఎండలో పెట్టకుండా నెత్తిన పెట్టుకుని తిరగమంటావా నాయనా?" అని అడిగాడట. మావాడు ఎంతో వినయంగా, "ఎండలో పెట్టామని ఒప్పుకున్నారు కదండీ, ఇక్కడ సంతకం చేయండి" అన్నాడట. రెండేళ్లకే నోరు తెరిచే ఆ ప్లాస్టిక్‌ను తయారుచేసిన మహానుభావుల పేరు మాత్రం ఏ ఫారంలోకీ ఎక్కలేదు.

ఇలాంటివన్నీ ఎవరెవరి దగ్గరో విని వచ్చి, మా ఆవిడ ముందు తన తమ్ముణ్ణి ఆటపట్టించేవాణ్ణి. ఆవిడ నమ్మేది కాదు. "మా తమ్ముడు ఉన్నది ఉన్నట్టు రాస్తాడు. జనమే కార్లను సరిగ్గా చూసుకోరు" అనేది. తల్లి పోయాక వాణ్ణి తనే పెంచింది. వాడు అబద్ధం రాస్తున్నాడంటే తన పెంపకాన్నే తప్పుపట్టినట్టు బాధపడేది. మేము ఆ కంపెనీ కారు కొన్నది కూడా వాడు చెప్పాడనే.

ఆవిడ ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. తెల్లవారకముందే బయల్దేరి కారును సెల్లారులో పెడుతుంది, పొద్దుగూకాక ఇంటికి తెస్తుంది. ఇంట్లో ఉంటే షెడ్డు, పైన దుప్పటి. అంత అపురూపంగా చూసుకున్నా రెండేళ్లకు డాష్‌బోర్డు అడ్డంగా చీలింది. వారంటీ ఇంకా నాలుగు నెలలుంది. తమ్ముడికి ఫోన్ చెయ్యమన్నాను.

"వద్దు. అక్కను కదా అని మొహమాటపడతాడు. అందరితోపాటే వెళ్దాం" అని, వెళ్లి టోకెన్ తీసుకుని బెంచీ మీద కూర్చుంది. నాకు కారు సంగతి అటుంచి, ఆవిడ అక్కడ ఏం వినాల్సి వస్తుందోనని గుబులు పట్టుకుంది.

వాడు స్కేలుతో వచ్చి, అక్కను చూసి ఆగిపోయాడు. ఆ తర్వాత కార్లో కూర్చుని కొలిచాడు. జానెడు దాటి, పైన ఇంకో బెత్తెడు.

"ఎండలో పెట్టావా అక్కా?"

"దీనికి ఎండెక్కడిదిరా?"

"తడిగుడ్డతో తుడిచావా?"

"పొడిగుడ్డే. నువ్వు చెప్పినట్టే, వారానికోసారి."

"సెంటు సీసా ఏమన్నా పెట్టావా?"

"ఆ వాసనకి నాకు తలనొప్పి కదరా."

 అద్దాల గదిలోంచి మేనేజరు చూస్తున్నాడు. వాడు గబగబా ఏదో రాసి ఫారం అక్క చేతికిచ్చాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పైకే చదివింది: "కారణం, వాహనాన్ని ఎల్లప్పుడూ నీడలోనే ఉంచడం. తప్పు యజమానిది."

"అది కాదు బావా..." అంటూ వాడు నా వైపు తిరిగాడు. వాణ్ణి ఇలా పట్టుకోవాలని ఎన్నేళ్లుగానో కాచుకుని ఉన్నాను. తీరా దొరికితే, ఆవిడ ముఖం చూడలేకపోయాను.

ఆవిడ ఫారం వాడికి తిరిగి ఇచ్చేసింది. "ఇలా రాస్తే నీ పైవాళ్లు నవ్వుతార్రా. ఎండ అనే రాయి. అందరికీ రాసేదే కదా."

వాడు తలెత్తకుండా నీడను కొట్టేసి ఎండ అని రాశాడు. ఎండ పొడ తగలని ఆ కారును ఎండలో పెట్టినట్టు ఒప్పుకుంటూ ఆవిడ సంతకం చేసింది.

 దారిలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "తొమ్మిదేళ్లలో ఎంతమంది చేత ఇలా సంతకం పెట్టించి ఉంటాడు?" అంది.

పెళ్లయ్యాక మొదటిసారి నేను మా బావమరిదిని వెనకేసుకొచ్చాను. "వాడేం చేస్తాడు, ఉద్యోగం కదా" అన్నాను.

తమ్ముణ్ణి ఎవరు మెచ్చుకున్నా పొంగిపోయే మనిషి, దానికి అవునని కూడా అనలేదు.