తూము ముందు ప్లాటు

నా చిన్నప్పుడు, రాయ్‌పూర్ కొత్తగా రాజధాని అయిన రోజుల్లో, మా రైల్వే కాలనీలో స్థలాల పిచ్చి పట్టని ఇల్లు లేదు. ఆ పిచ్చిని సొమ్ము చేసుకోవడానికి ఒకతను వచ్చేవాడు. తెల్ల చొక్కా, చేతిలో రంగుల మ్యాపు, నోట్లో ఎప్పుడూ "మన తెలుగువాళ్లం" అనే మాట. తనకు కమీషన్ ఎవరిస్తారో అతను చెప్పేవాడు కాదు, మనవాళ్లు అడిగేవాళ్లు కాదు.

ఒక ఎండాకాలం ఆదివారం అతను కాలనీ వాళ్లను ఉచితంగా బస్సెక్కించి, ఊరి బయట సిల్తారా అవతల ప్లాట్లు చూపించడానికి తీసుకెళ్లాడు. పూరీలు పెట్టించాడు. ఆ రోజే బయానాగా అడ్వాన్సు ఇచ్చిన ఇంటికి ప్రెషర్ కుక్కరు, పిల్లాడుంటే సైకిలు. పట్టాల మీద బతుకులు గడిపిన మనుషులు కుక్కరు డబ్బాల చుట్టూ ఈగల్లా ముసిరారు. వాళ్లను చూసి నవ్వే అర్హత నాకు లేదు. నేను సైకిలు హ్యాండిలు వదల్లేదు. తాతయ్య రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా ఆ నేల మీదే పెట్టాలని నాన్న నిశ్చయించుకున్నాడు. బయానా జేబులోనే ఉంది.

మా తాతయ్య శ్రీకాకుళం నుంచి వచ్చి ముప్పై ఏళ్లు గ్యాంగ్‌మన్‌గా చేసినవాడు. పూరీలు ముట్టలేదు. ప్లాట్ల పక్కనే ఉన్న రైలు కట్ట దగ్గరికి నడిచి, కింద తూములోకి వంగి చూసి వచ్చాడు. తూము నోరు సరిగ్గా మాకు చూపించిన ప్లాటు వైపే ఉంది. అవతలి నీళ్లు ఇవతలికి రావడానికే తూము కడతారని ఆ బస్సులో అందరికీ తెలుసు. ఎండాకాలం కాబట్టి, ఎదురుగా కుక్కరు ఉంది కాబట్టి, ఎవరికీ గుర్తు రాలేదు.

తాతయ్య తూము మాట ఎత్తలేదు. తెల్ల చొక్కా అతని ముందు చేతులు కట్టుకుని నెమ్మదిగా అడిగాడు.

"మంచి జాగా అంటన్నావు కదా బాబూ. నీ కమీషన్ పైసల్లో వద్దు, దాని బదులు నా పక్క ప్లాటు రాయించుకో. పడోసీలమైపోదాం."

"నాకిక్కడెందుకు తాతగారూ? నేను సిటీలో కట్టుకుంటున్నా కదా," అని నోరు జారాడతను.

తాతయ్య నాన్న వైపు తిరిగి, "ఇన్నావేటి?" అన్నాడు. అంతే. నాన్న జేబులోంచి ఖాళీ చెయ్యి తీశాడు.

దారంతా ఏడ్చాను. తాతయ్యను కంజూస్ అన్నాను. ఆ వానాకాలం, కొన్నవాళ్ల హద్దురాళ్లు నీళ్లలో మునిగాక కూడా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

పెద్దయ్యాక నేనూ ప్లాట్లు అమ్మాను. కుక్కరు బదులు వెండి నాణెం, పూరీల బదులు బిర్యానీ, చొక్కా మాత్రం అదే తెలుపు. మా వీధిలో ఉండే నర్సు అక్క ఒక పల్లపు స్థలం చూసి, "నువ్వు కొన్నావా తమ్ముడూ ఇక్కడ?" అని అడిగింది. తాతయ్య ప్రశ్నే. "నీ పక్కదే నాది అక్కా," అన్నాను తడుముకోకుండా. తాతయ్య నేర్పిన పాఠంలో నేను పట్టుకున్నది, నోరు జారకూడదని మాత్రమే. ఆమె తన పొదుపంతా ఆ గుంటలో పెట్టింది.

ఆ పని మానేసి చాలా ఏళ్లయింది. ఎవరైనా సలహా అడిగితే, వానల్లో వెళ్లి చూడమంటాను, చూపించేవాడి ప్లాటు ఎక్కడుందో అడగమంటాను. అక్క డబ్బు తిరిగిచ్చి ప్లాటు వెనక్కి తీసుకోవాలంటే ముందు నిజం చెప్పాలి. అది చేతకాక, ఆ పక్క ప్లాటు కొని నా అబద్ధాన్ని నిజం చేసుకున్నాను. ఏటా వానలకు మా ఇద్దరి హద్దురాళ్లూ కలిసే మునుగుతాయి. నేను చాలా మంచివాణ్నని అక్క ఇప్పటికీ అందరికీ చెబుతుంది.