ఎంటరు మీట మీద ఉప్పు కాగితం

పోయిన వారం ఏలూరులో మా ఆఫీసు స్టోరు గది శుభ్రం చేయిస్తుంటే, బీరువా వెనక నుంచి పాత టైపు మిషను ఒకటి బయటపడింది. అటెండరు దాని మీది గుడ్డ లాగేసరికి రిబ్బను సిరా, మిషను నూనె కలిసిన వాసన గుప్పుమంది. అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం వెర్రిదానిలా అక్కడే నిలబడిపోయాను. అది నాకు రత్నమణి టీచరుగారి వాసన. దానికి కింది కొట్టులోని ఉల్లిపాయల ఘాటు కూడా తోడైతే అచ్చంగా తాడేపల్లిగూడెంలో ఆవిడ ఇన్‌స్టిట్యూటే. ఆవిడ మీకెవరికీ తెలియదు. తెలిసే దారి కూడా లేదు, ఆవిడ పేరుతో ఇప్పుడు ఎక్కడా ఒక బోర్డైనా లేదు. నేనివాళ ఒక కుర్చీలో కూర్చుని నాలుగు మెతుకులు తింటున్నానంటే మాత్రం అది ఆవిడ చలవే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. మాది ఉంగుటూరు. నాన్నది కౌలు వ్యవసాయం. నేను ఇంటరు పాసయ్యాక, టైపులో లోయరూ హయ్యరూ పరీక్షలు అయిపోతే ఏదో ఒక ఆఫీసులో చోటు దొరక్కపోదని నన్ను ఆవిడ దగ్గర చేర్పించారు. ఉల్లిపాయల కొట్టు మీద మేడగది, అందులో వరసగా మిషన్లు, వాటి మధ్య గంజి పెట్టిన నేతచీరలో రత్నమణిగారు. ఆవిడకి అప్పటికే యాభై దాటాయి. క్రైస్తవ మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పిన టీచరమ్మ కూతురు. ఆదివారం చర్చి, మిగతా రోజులన్నీ మేమే. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే దమ్ము మాలో ఎవరికీ లేదు. మొదటి రోజే మీటలు కనబడకుండా నా చేతుల మీద తువ్వాలు కప్పేశారు.

"చూడకుండా ఎలా కొట్టాలండీ?" అన్నాను.

"అన్నం తినేటప్పుడు నోరెక్కడుందో చూసుకుంటున్నావా? ఇదీ అంతే. కొట్టు."

టైపు మిషనులో వరస చివరికి వస్తుంటే చిన్న గంట మోగుతుంది. అది మోగగానే ఎడమ చెయ్యి పైకి లేచి, లీవరు తోసి, కొత్త వరస మొదలుపెట్టాలి. "గంట మోగాక ఆలోచించకూడదమ్మా, చెయ్యి దానంతటదే వెళ్లాలి" అనేవారు. ఆ మాట మా ఒంట్లోకి ఎంత ఇంకిపోయిందంటే, ఇంట్లో రేడియోలో గంట మోగినా నా చెయ్యి గాల్లోకి లేచేది. "ఇదేం జబ్బే తల్లీ!" అని మా అమ్మ హడలిపోయేది.

తీరా మేం హయ్యరు పాసయ్యేసరికి ఆఫీసులకి కంప్యూటర్లు వచ్చేశాయి. ప్రభుత్వం ఇక టైపిస్టు పోస్టులు నింపదనీ, ఆ పని బయటి కాంట్రాక్టర్లకి ఇచ్చేస్తుందనీ చెప్పుకున్నారు. కంప్యూటర్ని తిట్టడం నా వల్ల కాదు. ఒక్క భూమి కాగితం కోసం నెలల తరబడి తిరిగిన మా నాన్నకి, తరవాత రోజుల్లో అదే కాగితం ఒక్క పూటలో చేతికొచ్చింది. ఆ మేలు కళ్లారా చూశాను. కానీ ఎక్కడో పెద్ద ఊళ్లో ఎవరో పెట్టిన సంతకానికి మా మేడగదిలో మిషన్లు ఒక్కొక్కటీ మూగబోవడం కూడా చూశాను. పిల్లల తండ్రులు మొహమాటపడుతూ మెట్లెక్కి వచ్చేవారు.

"ఏమీ అనుకోకండి మేడమ్‌గారూ. అమ్మాయిని కంప్యూటర్లో వేద్దామనుకుంటున్నామండీ."

"ఆయ్, అలాగేనండీ. మంచిపనే" అని టీచరుగారు నవ్వుతూ పంపేవారు. చివరికి మిగిలింది మేం అయిదుగురం. టైపు తప్ప మరో విద్య చేతిలో లేనివాళ్లం. ఇన్నాళ్లు నేర్పిన పని ఈ పిల్లలకి కూడు పెట్టకుండా పోతుందా అన్నదే ఆవిడకి దిగులైపోయింది. తన సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

ఒకరోజు "పద" అని నన్ను వెంటబెట్టుకుని ఏలూరు బస్సెక్కారు. ఏలూరు పక్కనే వట్లూరులో కంప్యూటర్ సెంటరు. నేర్పే అమ్మాయి నాకంటే కాస్త పెద్దదేమో. టీచరుగారు ముందు వరసలో కూర్చుని మొదలుపెట్టారు. ఆ కొట్టుడికి బల్ల అదిరిపోయింది. "మెల్లగా అండీ, విరిగిపోతుందండీ" అంది ఆ అమ్మాయి. ఇంతలో వరస చివరికొచ్చింది. అక్కడ లేని లీవరు కోసం ఆవిడ ఎడమ చెయ్యి గాల్లోకి లేచి పక్కాయన కళ్లజోడుకి తగిలింది. గదంతా ఘొల్లుమంది. అందరికంటే ముందు ఆవిడే నవ్వారు. "ఏమనుకోకండి బాబూ, నా చెయ్యి నా మాట వినట్లేదు" అన్నారు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా తల మీద ఒక్క మొట్టికాయ వేసి, "ఏడుస్తావేంటే? ఆ పిల్ల నాకంటే నయం. నేనైతే ఇలా వేసేదాన్ని" అన్నారు.

నెల తిరక్కుండా మిషన్లన్నీ పాత ఇనుము కొనేవాళ్లకి ఇచ్చేసి, ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్లు రెండు తెచ్చారు. ఆ తరవాతే ఏలూరు కాంట్రాక్టరు ఒకాయన వచ్చాడు. పాత ఆఫీసు ఉత్తర్వులన్నీ తెలుగులో కంప్యూటరులోకి ఎక్కించాలట. తెలుగు అక్షరాలు అందులో కూడా టైపు మిషను మీటల వరసలోనే ఉండడంతో మా చేతులకి ఎదురు లేకుండా పోయింది. "పని నచ్చితే మీరూ మీ అమ్మాయిలూ మా ఆఫీసుకే వచ్చేద్దురుగాని" అన్నాడాయన. టీచరుగారి మొహం వెలిగిపోయింది. ఆ మొహం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

వంతులవారీగా కూర్చుని మొదటి కట్ట పూర్తి చేసి పంపాం. నాలుగు రోజులకే ఆయన ముఖం ఎర్రగా చేసుకుని వచ్చి కాగితాలు బల్ల మీద పడేశాడు. కాగితం సైజు మార్చేసరికి వాక్యాలన్నీ ముక్కలు ముక్కలు. సగం మాటలు ఇక్కడ, మిగతా సగం కింద. జరిగిందేమిటంటే, కంప్యూటరులో వరస దానంతటదే మారుతుంది, పేరా అయ్యాకే ఎంటరు మీట నొక్కాలి. ఆ సంగతి మాకు తెలుసు. మా వేళ్లకి తెలియదు. అక్కడ గంట లేకపోయినా, వరస అయిపోవచ్చింది అనిపించిన ప్రతిచోటా ఎంటరు కొట్టుకుంటూ పోయాం.

"మీ అమ్మాయిలకి పని రాదండీ. నేను వేరేవాళ్లని చూసుకుంటాను" అన్నాడాయన.

టీచరుగారు లేచి నిలబడ్డారు. "వాళ్లకి పని వచ్చండీ. నేను నేర్పిందే వాళ్లు చేశారు. వారం రోజులివ్వండి, మొత్తం సరిచేసి ఇస్తాం. అప్పుడూ బాగోకపోతే మీ ఇష్టం."

ఆయన దిగి వెళ్లగానే ఆవిడ బజారుకెళ్లి, వడ్రంగులు చెక్క నునుపు చెయ్యడానికి వాడే ఉప్పు కాగితం పట్టుకొచ్చారు. గోరంత ముక్క కత్తిరించి రెండు కంప్యూటర్ల ఎంటరు మీటల మీదా అంటించారు. వేలు తగిలితే గరుక్కుమనేది. గరుక్కుమన్నప్పుడల్లా వెనక నుంచి ఆవిడ గొంతు: "పేరా అయిందా? అవలేదా? మరెందుకే తొందర?" మొదటి రోజు మాకు చిటికెన వేళ్లు మండిపోయాయి. మేం అన్నాలకి లేచినప్పుడు ఆవిడే కూర్చుని తన వేళ్లకి కూడా అదే శిక్ష వేసుకునేవారు. వారం అయ్యేసరికి మా వేళ్లు ఆ మీట జోలికే పోవడం మానేశాయి.

పని నచ్చింది. కాంట్రాక్టరు మాట నిలబెట్టుకున్నాడు, సగం. అయిదుగురు అమ్మాయిలకీ ఉద్యోగాలు. టీచరుగారికి మాత్రం లేదు. "నాదేం లేదండీ. ముప్పై అయిదు దాటినవాళ్లని తీసుకోకూడదని పైనుంచి రూలు. ఈ వయసులో కొత్తవి రావని వాళ్ల నమ్మకం" అన్నాడు తలొంచుకుని. మాకు ఆ పని వచ్చేలా చేసిన మనిషి ఎదుటే అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది.

"మీరు లేకుండా నేను వెళ్లనండీ" అన్నాను ఆయన వెళ్లాక.

ఆవిడ నన్ను నిజంగా కోప్పడింది ఆ ఒక్కసారే. "నా కోసం ఆగిపోతావా? అయితే నేనెందుకే ఆ సెంటర్లో అంతమంది చేతా నవ్వించుకుంది? వెళ్లు. వెళ్లకపోతే నా మొహం చూడకు."

మర్నాడు బస్టాండుకి వచ్చి అయిదుగురినీ ఏలూరు బస్సెక్కించారు. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, ఎప్పుడూ లేనిది, "నాక్కూడా రావాలని ఉందే" అన్నారు మెల్లగా. అంతలోనే బస్సు కదిలింది. తరవాత కొన్నేళ్లు ఆ మేడగదిలోనే పిల్లలకి కంప్యూటరు నేర్పుతూ, ఒక వానాకాలంలో జ్వరమొచ్చి పోయారు. ఆ రూలు పెట్టినవాళ్లు చెడ్డవాళ్లని నేననను. వాళ్లు ఆవిడని చూడలేదు, అంతే.

ఇప్పుడు నేను సెక్షను పెద్దని. ఈ నెల మా ఆఫీసుకి మళ్లీ కొత్త కంప్యూటరు పద్ధతి వచ్చింది. వయసు మళ్లినవాళ్లకి ఇది రాదు, ఎవరెవర్ని తప్పించాలో చెప్పమన్నారు మా పై అధికారి. "ముందు నేర్పనివ్వండి సార్, తరవాత అడగండి" అన్నాను. ఆకివీడు నుంచి రోజూ బస్సులో వచ్చే గుమాస్తా ఒకాయన, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు.

"ఈ వయసులో నాకేం వస్తుందమ్మా? మీకెందుకు మాట రావాలి, నా పేరు రాసేయండి."

రత్నమణిగారితో ఆ రోజు ఎవరూ అనని మాట నేను ఆయనతో అన్నాను.

"వస్తుందండీ. ఇలా వచ్చి నా పక్కన కూర్చోండి."