బండి ముఖం ఎటు

ముందు కూత వినిపించేది. కీ... కీ... కీ... పిట్టది కాదు. వ్యాను వెనక్కి నడిచేటప్పుడు దానంతటది పెట్టే కూత. సాయంత్రపు వెలుగు గోడల మీది నుంచి జారి గుమ్మాల్లో ముడుచుకునే వేళకు, ఆ కూత మా సందులోకి వీపు పెట్టి నడిచి వచ్చేది. ఎదురింటి మెట్ల మీద కూర్చున్న ముసలాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చేవారు. "రివర్సక్క వచ్చింది, లేవండి, లైట్లు వేసుకోండి" అనేది వాళ్లలో ఒకావిడ. గేటు మీద వెనక దీపాల ఎరుపు పడేది. తర్వాత వ్యాను వీపు, తర్వాత దాని ముఖం, అన్నిటికంటే చివర డ్రైవరు తలుపు తెరుచుకుని, ఆమె.

పొట్టి మనిషి. సీటు మీద రెండు దిండ్లు వేసుకుంటే తప్ప రోడ్డు కనిపించదు. మెడలో నల్లతాడు, తాడుకు బండి తాళంచెవి. స్నానానికి వెళ్లినా అది మెడలోనే ఉంటుందని వాళ్ల అత్తగారు నాకు చెప్పింది, నవ్వుతూ మాత్రం కాదు.

నేను వాళ్ల మేడమీది గదిలో అద్దెకు ఉండేవాణ్ణి. ఆ దీవిలో ఎక్కడ నిలబడ్డా కొండ కనిపిస్తుంది. నా కిటికీకి మరీ ఎదురుగా ఉండేది. పొద్దున్నే దాని నెత్తిన సన్నటి పొగ, ఎవరో ఇప్పుడే పొయ్యి ఆర్పి లోపలికి వెళ్లినట్టు. గది చూపించిన రోజున ఆమె "కిటికీ అటువైపుంది, ఏమనుకోకు తమ్ముడూ" అంటూ దళసరి తెర ఒకటి చేతిలో పెట్టింది. ఊళ్లో అందరూ కొండను పెద్దాయన అంటారు. ఆమె మాత్రం ఏమీ అనదు. గడ్డంతో అటు చూపిస్తుంది, అంతే.

ఆమె బతుకుతెరువు ఆ కొండే. పడవ దిగిన కుటుంబాలను వ్యానులో ఎక్కించుకుని, నల్ల ఇసుక తీరం, గడ్డకట్టిన లావా మైదానం, వేడినీటి ఊటలు చూపించి, చివరికి కొండ నోటిదాకా తీసుకెళ్లి, చీకటి పడకముందే దించుకొస్తుంది. మలుపుల్లో పిల్లలకు కడుపులో తిప్పితే నిమ్మకాయ వాసన చూపిస్తుంది. పైకి ఎక్కగానే మొదట చేసే పని బండిని తిప్పి, ముఖం దిగే దారివైపు పెట్టడం. ఇంట్లోనూ అంతే. చెప్పులన్నీ వీధి గుమ్మంవైపు చూస్తూ ఉండాలి. మంచాలు తలుపుకు ఎదురుగా ఉండాలి. ఒకసారి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లి, గుమ్మం పక్క కుర్చీలో ఓరగా కూర్చుందట. పంతులమ్మ ఏం చెప్పిందో ఆమెకు ఒక్క ముక్క గుర్తులేదు, తలుపుకు గడియ ఎటు పడుతుందో మాత్రం గుర్తుంది.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అనేది అత్తగారు.

ఒక పొద్దున ఆమె వ్యాను అద్దం కడుగుతోంది. బూడిద పడిన అద్దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, ముందు నీళ్లు పోయాలి. చెంబుతో నెమ్మదిగా పోస్తూ, నేను అడగకుండానే చెప్పింది.

"నాకప్పుడు మా పిచ్చుకంత వయసు. మా నాన్నకు సొంత లారీ. అలిసిపోయి వచ్చి, లారీ ముక్కు సందు లోపలికి పెట్టి పడుకున్నాడు. తెల్లారుతుండగా అది దగ్గింది" అంటూ గడ్డంతో కొండవైపు చూపించింది. "సందు ఇరుకు. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ... లారీ తిరిగేసరికి రోడ్డు లేదు తమ్ముడూ. నడిచి బయటపడ్డాం. మనుషులం మిగిలాం, లారీ మిగల్లేదు. ఆ తర్వాత మా నాన్న బతికినన్నాళ్లూ పరాయి లారీలకు బస్తాలు మోశాడు. పోయే ముందు కూడా అదే మాట. బండి ముఖం ఎప్పుడూ దిగే దారివైపే ఉండాలమ్మా అని."

అద్దం మీది నీళ్లు నల్లగా కారి, తర్వాత తెల్లబడ్డాయి.

పిచ్చుక ఆమె కూతురు. సన్నటి కాళ్లు, ఆగని నోరు. ఆ ఇంట్లో పిచ్చుకకు ఊహ తెలిసినప్పటి నుంచి ఒక కట్టడి ఉంది. అమ్మ హారన్ మూడుసార్లు కొడితే, తింటున్నా ఆడుతున్నా వదిలేసి బండి దగ్గరికి పరిగెత్తాలి. వేరే ఎవరి బండీ ఎక్కకూడదు.

"బండి కనబడకపోతే?" అని పిల్ల ఒకసారి నా ముందే అడిగింది.

"కనబడకపోవడమేంటే? ఎక్కడ పెట్టానో అక్కడే ఉంటుంది. అక్కడే నిలబడు."

విచిత్రం ఏమిటంటే, ఊరూరి పిల్లలకూ ఆ కొండ నోరు చూపించిన మనిషి సొంత కూతురికి చూపించలేదు. ఎప్పుడడిగినా వాన అనేది, ఎండ అనేది, టైర్లు బాగాలేవనేది. భర్తకున్నది పంక్చర్ల షాపు. టైర్ల మాట ఎత్తితే ఆయనకు ఒళ్లు మండేది. బడిలో కొండ బొమ్మ గీయమంటే పిచ్చుక గీసింది, కానీ పైన నోటికి బదులు మూత పెట్టింది. "నేను చూళ్లేదుగా" అంది. ఆ రాత్రి అన్నాల దగ్గర ఇంకో మాట అంది.

"ఎవరెవరి పిల్లల్నో తీసుకెళ్తావు. నేనూ టికెట్టు కొనుక్కుంటే తీసుకెళ్తావా అమ్మా?"

ఆమె ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. "ఆదివారం పోదాం" అంది, ఎవరివైపూ చూడకుండా.

సోమవారం పొద్దున నా పడవ. దీవి వదిలి వెళ్లిపోతున్నాను. అందుకే "నువ్వూ రా తమ్ముడూ, చూడకుండా పోతావా" అని నన్నూ ఎక్కించుకున్నారు.

దారి పొడవునా పచ్చదనం కళ్లు మూసుకుపోయేంత ఉంది. అరటి ఆకులు కిటికీలకు తగిలి చప్పట్లు కొట్టాయి. పైకి పోయేకొద్దీ చెట్లు పొట్టివయ్యాయి, తర్వాత అసలు లేకుండా పోయాయి. అక్కడి నుంచి నల్లరాయి, పారుతూ పారుతూ ఏదో గుర్తొచ్చి ఆగిపోయిన నదిలా. అందరూ మాట్లాడుతున్నారు, ఆమె తప్ప. రోజూ ఒంటిచేత్తో తిప్పే స్టీరింగును ఆ రోజు రెండు చేతులా పట్టుకుంది.

"పెళ్లికూతుర్ని తీసుకెళ్తున్నట్టు నడుపుతున్నావేంటే?" అన్నాడు భర్త.

"మాట్లాడించకండి."

పైన పార్కింగు. అక్కడి కర్రకు ఆకుపచ్చ జెండా ఎగురుతోంది, భయం లేదని గుర్తు. గాలి మళ్లి గంధకం పొగ ఎక్కువైతే పసుపు జెండా ఎగరేసి, మైకులో అందర్నీ దిగిపొమ్మంటారు. ఆమె బండిని తిప్పి ముఖం దారివైపు పెట్టింది. పిచ్చుక మెడకు తడి తువ్వాలు చుట్టి, "మూడు కూతలు, గుర్తుందిగా?" అంది. "నిద్రలో అడిగినా చెప్తానమ్మా" అంటూ పిల్ల మెట్లవైపు దూకింది. మెట్లు ఎక్కలేనివాళ్ల కోసం వాలుదారి ఒకటి ఉంది. అది పార్కింగు దిగువన రోడ్డులో కలుస్తుంది. మోకాళ్ల నొప్పుల అత్తగారిని కొడుకు అటు నడిపించాడు. రివర్సక్క మాత్రం కదల్లేదు. డ్రైవరు బండి దగ్గరే ఉండాలని ఆమె నియమం. నేను ముందే పైకి వెళ్లి ఆ వాసనకు తల తిరిగి దిగివచ్చి, ఆమె పక్క సీట్లో కూర్చున్నాను.

అప్పుడు బస్సులు రావడం మొదలైంది. ఒకటి, ఇంకొకటి. అన్నీ ముక్కు లోపలికే పెట్టాయి. ఒక పెద్ద బస్సు సరిగ్గా మా వ్యాను ముందు అడ్డంగా ఆగి, జనాన్ని దించి, మళ్లీ కదిలింది. ఆ కాసేపూ మా ముందు దారి లేదు, బస్సు పొట్ట మాత్రమే ఉంది. ఆమె పెదాలు తెల్లబడ్డాయి.

"ఇక్కడ వద్దు. కింద మలుపులో పెడతా."

"అక్కా, వాళ్లు వచ్చి చూస్తే..."

"నువ్వెళ్లి చెబుదువుగానిలే. మలుపులో మన ముందు ఎవడూ ఉండడు."

వ్యాను మలుపులోకి దిగింది. కింద సముద్రం, దాని మీద మబ్బు నీడలు, ముందు ఖాళీ రోడ్డు. ఆమె ఊపిరి వదిలింది. నేను తలుపు తీసి ఒక కాలు కింద పెట్టానో లేదో, పైన మైకు గరగరమంది. పసుపు జెండా. అందరూ దిగాలి. కొండ భుజం మీది నుంచి తెల్లటి పొగ పిల్లిలా చప్పుడు లేకుండా దిగుతోంది. నేను ఆమెవైపు తిరిగేలోగానే ఆమె చెయ్యి హారన్ మీద ఉంది. మూడు కూతలు. అవి కొండకు కొట్టుకుని, ఎటునుంచి వచ్చాయో తెలియకుండా అన్నివైపులా తిరిగాయి.

నేను పైకి పరిగెత్తాను. వాలుదారి కలిసేచోట భర్త తల్లిని పొదివి పట్టుకుని వస్తూ ఎదురయ్యాడు.

"పిచ్చుక ఏది?" అన్నాను.

"హారన్ వినగానే మెట్ల మీద నుంచి దూకింది. బండి దగ్గర లేదా?"

మమ్మల్ని దాటి దిగిపోయిందేమోనని ముగ్గురం మలుపుకు వచ్చేసరికి ఆమె కిందికి దిగి నిలబడి ఉంది. మమ్మల్ని లెక్కపెట్టినట్టు చూసింది. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఎక్కడ పెట్టానో అక్కడే ఉంటుంది, అక్కడే నిలబడు అన్నది తనే. బండి అక్కడ లేకుండా చేసిందీ తనే.

"పిల్లి పిల్లల్ని మార్చినట్టు బండి మార్చావా తల్లీ?" అంది అత్తగారు. తిట్టులా రాలేదు ఆ మాట, ఏడుపులా వచ్చింది.

"నేను పరిగెత్తి తెస్తా" అన్నాడు భర్త.

"ఆ పొగలో ఒకరికొకరు కనబడరు. పైగా అది ఎవరి వెంటా రాదు. నేనే నేర్పాను కదా, బండి వస్తేనే కదులుతుంది. ఎక్కండి."

ఆమె గేరు వేసింది. కీ... కీ... కీ... వ్యాను వెనక్కి ఎక్కసాగింది, ముఖం ఇంకా దిగే దారివైపే ఉంచుకుని. అద్దంలో తెలుపు తప్ప ఏమీ లేదు. పై నుంచి బస్సు దీపాలు ఒక్కసారిగా మీద పడి, పక్క నుంచి ఒరుసుకుంటూ పోయాయి. వ్యాను ఆగింది. కూత ఆగింది. ఆమె స్టీరింగు మీద నుదురు ఆనించింది. ఆ క్షణంలో ఆమె చిన్నదైపోయి, ఇరుకు సందులో లారీ తిరగడం కోసం ఎదురు చూస్తోందనిపించింది నాకు.

"తిప్పు. నేను చూస్తా" అన్నాడు భర్త మెల్లగా. తలుపు తెరిచి, మెట్టు మీద నిలబడి, పెద్ద తువ్వాలు ఊపుతూ దిగే బళ్లను ఆపాడు. "రానీ... రానీ... చాలు. ముందుకు."

వ్యాను తిరిగింది. మొదటిసారి, వెలిగి ఉన్న దాని దీపాలు కొండను చూశాయి.

పైకి పోతుంటే పొగ అద్దాన్ని నాకుతోంది. గొంతులో అగ్గిపుల్ల గీసినట్టు మంట. ఆమె మూడు కూతలు వేసి ఆగుతుంది, వింటుంది, మళ్లీ మూడు. అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతికి అంత బలం ఉందని నాకు తెలియదు.

పార్కింగు ఖాళీ. తెల్లగీతల మధ్య గళ్లు, గళ్లలో పొగ. మా గడి ఏదో ఆమెకు తెలుసు. దాని ముందు బ్రేకు వేసింది. దీపాల వెలుగులో ముందు కాపలామనిషి కనిపించాడు, తర్వాత అతని చెయ్యి, ఆ చెయ్యి పట్టుకుని పిచ్చుక. సరిగ్గా గడి మధ్యలో, ముక్కుకు తడి తువ్వాలు, ముఖం దిగే దారివైపు.

"ఈ పిల్ల మీదా అమ్మా?" అన్నాడు కాపలామనిషి దగ్గుతూ. "ఆఖరి బస్సు ఎక్కమంటే ఎక్కదు. మా అమ్మ బండి ఇక్కడే ఉంటుంది అంటుంది. ఇక్కడ బండి ఏదీ అంటే, ఉంటుంది అంటుంది. నన్నూ చంపేసేది!"

ఆమె దిగింది. ఇంజను ఆపలేదు, తలుపు వెయ్యలేదు. మోకాళ్ల మీద కూలబడి పిల్లను పట్టుకుంది. పిల్ల ఆమె భుజం మీదుగా వ్యానును చూసి, తువ్వాలు కిందికి లాగింది.

"అమ్మా, బండి తప్పుగా పెట్టావు."

మేమంతా ఎక్కాక, కాపలామనిషిని కూడా ఎక్కించుకుని, ఆమె బండి తిప్పింది. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. తొందరపడలేదు. ఆమె పెదాలు కదులుతున్నాయి, వాళ్ల నాన్నతో మాట్లాడుతోందో, పోట్లాడుతోందో.

సగం కొండ దిగేసరికి ఎండ వచ్చింది. పైన మళ్లీ ఆకుపచ్చ జెండా వేశారని కాపలామనిషికి వైర్‌లెస్‌లో కబురొచ్చింది. "పెద్దాయన తుమ్మాడంతే" అంది అత్తగారు, కళ్లు తుడుచుకుంటూ. ఎవరూ నవ్వలేదు. పిచ్చుక మాత్రం ముందు సీటు మీదికి వంగి చెప్పింది.

"చూశానమ్మా. అది నోరులా లేదు, చెవిలా ఉంది. నీ హారన్ దానికే ఎక్కువ వినిపించి ఉంటుంది."

ఆమె ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చెయ్యి వెనక్కి చాపింది. పిల్ల ఆ చేతి వేలు పట్టుకుంది. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది, గేరు మార్చడానికి తప్ప.

సందులోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మెట్ల మీది ముసలాళ్లు అలవాటుగా చెవులు రిక్కించారు. కూత రాలేదు. వ్యాను నేరుగా గేటులోంచి ముక్కు పెట్టి, గుమ్మం ముందు ఆగింది. దీపాలు ఇంటి గోడ మీద పడ్డాయి, కిటికీ మీద, వీధివైపు చూస్తున్న చెప్పుల వరస మీద. అందరూ లోపలికి వెళ్లారు. ఆమె మెడలోని తాళంచెవి తీసి, మళ్లీ వేసుకుని, బండి పక్కనే నిలబడింది.

"తిప్పి పెట్టవా అక్కా?" అన్నాను. నేను లేచేసరికి ఆమె తొలి పడవ దిగేవాళ్ల కోసం వెళ్లిపోయి ఉంటుందని, మళ్లీ కలవమని ఇద్దరికీ తెలుసు.

ఆమె గడ్డం కొండవైపు లేచింది, సగంలో ఆగింది.

"రేపు తిప్పుతాలే తమ్ముడూ. ఈ ఒక్క రాత్రీ బండిని కూడా ఇంటివైపు చూడనీ."