హైమావతి గారి జర్మనీ వియ్యాలవారు

అసలు పెళ్ళే చేసుకోని మనిషికి అంతమంది వియ్యాలవారు ఎందుకు కావలసివచ్చారు? హైమావతి గారు బతికుండగా నేనీ ప్రశ్న అడగలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ఆవిడ లేరు. ఏ సందేహమొచ్చినా పుస్తకాల్లో వెతుక్కునే రకాన్ని నేను. దీనికి మాత్రం ఏ పుస్తకంలోనూ జవాబు దొరకలేదు.

ఆవిడది కాకినాడ. ఇక్కడ ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా చేసి రిటైరై, లండన్ పక్క క్రోయిడన్‌లో మా వీధి చివర ఒక్కరే ఉండేవారు. మా పేట స్కూలుకీ జర్మనీలో ఒక చిన్న ఊరి స్కూలుకీ మధ్య పిల్లల రాకపోకలుండేవి. శరదృతువులో వాళ్ళ పిల్లలు వచ్చి మన పిల్లల ఇళ్ళల్లో వారం రోజులుంటారు. వసంతంలో మన పిల్లలు వెళ్ళి వాళ్ళ ఇళ్ళల్లో ఉంటారు. స్కూలు కరపత్రంలో దీని పేరు ఐరోపా దేశాల సాంస్కృతిక, విద్యా సహకారం. హైమావతి గారు మాత్రం వియ్యం అనేవారు.

"మీ పిల్ల మా ఇంటికి, మా పిల్ల మీ ఇంటికి. దీన్ని మనవైపు కుండమార్పిడి అనరటండీ?"

"అది పెళ్ళిళ్ళకి కదండీ?"

"పెళ్ళిళ్ళయితే తెగిపోయేవీ ఉంటాయి. ఇది అలాక్కాదు."

ఈ రాకపోకలు చూడ్డానికి స్కూల్లో జీతం బత్తెం లేని ఒక కమిటీ ఉండేది. అందులో ఆవిడ పని, వచ్చే పిల్లలకి ఇళ్ళు చూడ్డం. ఆవిడ భాషలో విడిది ఏర్పాట్లు.

పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే జర్మన్ మాస్టారు డీటర్. గడియారాన్ని చూసి నవ్వే మనిషి, మనుషుల్ని చూసి నవ్వడు. ఆయన మొదటిసారి వచ్చినప్పుడు హైమావతి గారు స్కూలు హాల్లో గుత్తివంకాయ వడ్డించి ఎదురుగా నిలబడ్డారు.

"చాలా బాగుంది డాక్టర్," అన్నాడు డీటర్.

"బాగుందని ఎవరడిగారు? మగపెళ్ళివారు మీరు. అలగాలి."

"ఎందుకు అలగాలి?"

"ఉప్పు తక్కువైందనండి."

"ఉప్పు సరిపోయింది."

"అయ్యో రాత! అలక లేకపోతే నేను బతిమాలేదెప్పుడు? బతిమాలకపోతే చుట్టరికం కలిసేదెప్పుడు?"

డీటర్ చెంచా కింద పెట్టి, చేతులు కట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అబద్ధమాడటం చేతకాక చెవులు ఎర్రబడ్డాయి పాపం. ఆవిడ మూడుసార్లు బతిమాలి, ఒక మఫ్లర్ ఇచ్చి ఇటు తిప్పారు. ఆ తర్వాత ఏటా ఆయన విమానం దిగగానే అడిగేవాడు, "ఈసారి దేనికి అలగాలి, వియ్యపురాలు గారూ?" అని. వసంతంలో అక్కడికి వెళ్ళినప్పుడు అలిగే వంతు ఈవిడది. కాఫీ చల్లారిందని ఈవిడ మూతి ముడిస్తే డీటర్ భార్య పొయ్యి దగ్గరికి పరుగెత్తేదట.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నవ్వుకోలేనిది ఆవిడ ఇళ్ళు చూసే పద్ధతి. ఎవరింటికి వెళ్ళినా అడగా పెట్టకుండా ముందు ఫ్రిజ్ తలుపు తీసేవారు. తర్వాత రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూసేవారు. ఆ తర్వాత, ఎప్పుడూ వేసుకునే ఆకుపచ్చ కోటుతోనే అతిథి మంచం మీద వెల్లకిలా పడుకునేవారు. "డాక్టర్ గారి దృష్టిలో మా ఇల్లంత మురికిదా?" అని తల్లులు హెడ్‌మాస్టరుకి ఫిర్యాదులు చేశారు. నేను చెబితే ఆవిడ కొట్టిపారేశారు. "సంబంధం చూసేటప్పుడు మొహమాటపడతారేంటండీ?"

నా భార్య పోయిన ఏడు మా ఇంటికి పరామర్శకి వచ్చి కూడా ఇదే పని. అందరూ నా మొహం చూస్తున్నారు, ఈవిడ నా ఫ్రిజ్‌లోకి చూస్తున్నారు. చూసి, తలుపు వేసి అన్నారు, "జగన్మోహన్ గారూ, పెళ్ళివారి కారు తోలడానికి మనిషి కావాలి. రేపటినుంచి రండి." వెళ్ళాను. ఆవిడ లోపల ఇల్లు చూస్తుంటే నేను బయట కారులో పుస్తకం చదువుకునేవాణ్ణి. అతిథులున్న వారమంతా ఇంటింటికీ క్యారేజీలు మోసేవాణ్ణి. కొన్ని ఇళ్ళకి చిన్న గిన్నె, కొన్ని ఇళ్ళకి మోయలేనంత క్యారేజీ. పక్షపాతం అనుకునేవాణ్ణి. చివర్లో "డ్రైవరు వాటా" అని నా చేతిలో కూడా ఒకటి పెట్టేవారు. మిగిలిపోయింది కాబోలనుకుని తినేవాణ్ణి.

బ్రిటన్ యూరప్ నుంచి బయటికొచ్చాక వియ్యానికి చీడపట్టింది. గుర్తింపు కార్డుతో వచ్చే పిల్లలకి ఇప్పుడు పాస్‌పోర్టు కావాలి. అది లేనివాళ్ళు ఆగిపోయారు. ఇక్కడేమో కరెంటు బిల్లులు చూసుకుని, పరాయి పిల్లని ఇంట్లో పెట్టుకోవడానికి జనం జంకారు. ఆ శరదృతువులో హెడ్‌మాస్టరు తేల్చి చెప్పాడు, వచ్చే పిల్లల్లో ఒక్కరికి ఇల్లు దొరకకపోయినా మొత్తం రద్దని.

అందరికీ దొరికాయి, లేనా అనే పిల్లకి తప్ప. మా స్కూల్లో జేడ్ అనే పిల్ల, ఆ లేనాని మేం పెట్టుకుంటామని రోజూ హైమావతి గారి వెంటపడేది. ఇంట్లో అతిథిని పెట్టుకున్న పిల్లలే వసంతంలో జర్మనీ వెళ్ళాలని నియమం. జేడ్ అప్పటిదాకా సముద్రం దాటలేదు. వాళ్ళమ్మ మాండీ మాత్రం జాగా లేదని కబురు పంపింది.

"జాగా సంగతి చూసొద్దాం పదండి," అన్నారు హైమావతి గారు. ఆ ఫ్లాట్లకి లిఫ్టు పాడైంది. ఆవిడ అప్పటికే చిక్కిపోయారు, కోటు వదులైపోయింది. రెక్క పట్టుకుని మెట్లెక్కించడానికి మొదటిసారి నేనూ లోపలికి వెళ్ళాను.

మాండీ ఇంట్లో కూడా కోటు వేసుకునే ఉంది. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది. హైమావతి గారు తిన్నగా వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీశారు. లోపల ఒక పాల డబ్బా, ఒక సాస్ సీసా, దీపం. అంతే.

మాండీ మొహం మాడిపోయింది. నేను నేలకేసి చూశాను.

"అబ్బ!" అన్నారు హైమావతి గారు. "ఇదండీ ఫ్రిజ్ అంటే! మిగతా ఇళ్ళల్లో కుక్కిపెట్టుకుంటారు, నా గిన్నెలు ఎక్కడా పట్టి చావవు."

"మీ గిన్నెలా?" అంది మాండీ.

"మా ఆచారంలో విడిదింటికి తిండి మేమే పంపాలి. ఇంట్లో ఎంతమందుంటే అంతమందికీ. విడిదిలో పొయ్యి వెలిగిందా, మాకు తలవంపులు."

"అంటే నేను వండకూడదా?"

"వండితే వియ్యం తెగిపోతుంది. ఇంట్లో వెచ్చదనం కూడా మాదే. ఆ మీటర్‌కి డబ్బు కట్టే కార్డు ఇలా ఇవ్వు, నింపించుకొస్తాను."

మాండీ కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "మీ మతానికి అడ్డు రావడం నాకిష్టం లేదు డాక్టర్," అంది మెల్లగా.

"మతం కాదమ్మా. మర్యాద. అది ఇంకా పెద్దది."

మెట్లు దిగుతుండగా నాకు సందేహమొచ్చింది. "ఏమండీ, విడిది మగపెళ్ళివారికి కదా? మాండీ మన వైపే కదా? ఇదెక్కడి ఆచారం?"

"నాకేం తెలుసండీ? నేనేమైనా పెళ్ళి చేసుకున్నానా?" అన్నారు ఆయాసపడుతూ.

ఒక మెట్టు మీద ఆగిపోయాను. నేను మోసిన పెద్ద క్యారేజీలన్నీ ఏయే ఇళ్ళకి వెళ్ళాయో అప్పుడు వరసగా గుర్తొచ్చాయి. ఆవిడ ఆగలేదు. "దిగండి, నిమ్మకాయలు కొనాలి," అని ముందుకు సాగారు.

లేనా వచ్చింది. వారమంతా మాండీ ఇంట్లో పులిహోర, పప్పుచారు, వేడి రేడియేటరు. వసంతం ప్రయాణానికి జేడ్ పేరు ఖాయమైంది. ఆఖరి రోజున మాత్రం హెడ్‌మాస్టరు హాల్లో భోజనాల మధ్య లేచి, తలవంచుకుని, ఆ వసంతంతో ఈ కార్యక్రమం సమాప్తమని చదివాడు. ఊరి కౌన్సిల్ ఇచ్చే డబ్బుసాయం ఆగిపోయిందట. డీటర్ చెంచా కింద పెట్టి, చేతులు కట్టుకుని, గోడవైపు తిరిగాడు. ఆయన చెప్పించుకోకుండా అలగడం అదే మొదటిసారి.

హైమావతి గారు వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నారు.

"వాళ్ళు ఆపుకుంటే కార్యక్రమాన్ని ఆపుకోమనండి. వియ్యం రద్దు చెయ్యడానికి కౌన్సిల్ ఎవరండీ? పిల్లని ఇచ్చుకున్నది మనం."

"తర్వాత ఎవరు పంపుతారు?"

"చుట్టాలింటికి ఎవరైనా పంపితే వెళతారా?"

డీటర్ ఇటు తిరిగాడు. ఈసారి మఫ్లర్ ఇవ్వలేదు.

విమానాశ్రయానికి బస్సు బయల్దేరే వేళకి సన్నగా వాన. జేడ్, లేనా ఒకళ్ళ మెడ ఒకళ్ళు పట్టుకుని ఏడుస్తున్నారు. ఇంతలో మాండీ రేకుకాగితంలో చుట్టిన శాండ్‌విచ్‌ల మూట తెచ్చి డీటర్ చేతుల్లో పెట్టింది. "ఇల్లు చేరేదాకా మీరు పొయ్యి వెలిగించకూడదు. మాకు తలవంపులు," అంది గంభీరంగా.

"తెలుసు," అన్నాడు డీటర్ అంతకంటే గంభీరంగా. "వసంతంలో జేడ్ వచ్చినప్పుడు మా వీధి వీధంతా వంటలు పంపుతుంది. మా ఆవిడ పొయ్యి ముట్టుకోదు."

లేని ఆచారం కళ్ళముందే రెండు దేశాల్లో పాతుకుపోయింది. ఈ మాట ఆవిడ చెవిన వెయ్యాలని చుట్టూ చూశాను. ఆవిడ లేరు. అప్పగింతల వేళకి ఆవిడెప్పుడూ ఉండేవారు కారు. అడిగితే, "మత్తు డాక్టర్లమండీ, నిద్రపుచ్చడం వరకే. వెళ్ళొస్తామని చెబుదామంటే వినేవాడెవడు?" అనేవారు.

కారు తలుపు తీశాను. నా సీటు మీద క్యారేజీ ఉంది. ఇంకా వేడిగానే ఉంది. ఎత్తి చూస్తే మాండీ ఇంటికి మోసినదానికన్నా బరువు.

తలెత్తేసరికి, రోడ్డుకి అవతల ట్రామ్ తలుపులు మూసుకుంటున్నాయి. ఆకుపచ్చ కోటు కిటికీ పక్క సీట్లో సర్దుకుని కూర్చుంది. చెయ్యి ఊపాను. ఆవిడ మాత్రం ఎదుటి సీట్లో ఉన్న ఎవరో తల్లి చేతిసంచిలోకి తొంగి చూస్తున్నారు. ట్రామ్ కదిలింది.