సముద్రం మీదికి నెట్టిన తప్పు

నేను భీమిలివాణ్ణి. నీళ్ళ గురించి నాకెవరూ చెప్పక్కర్లేదన్న పొగరు జెద్దా వచ్చినా పోలేదు. డైవింగ్ కార్డు చేతికొచ్చాక ఇంకా ముదిరింది. జంట లేకుండా దిగకూడదన్నది ఆ శిక్షణలో మొదటి పాఠం. ఆ శుక్రవారం నా జంట రాలేదు. ఒడ్డున అన్న ఉన్నాడుగా, చాల్లే అనుకున్నాను.

అన్నంటే నా గదిలో ఉండే జగిత్యాలాయన. ఏసీలు బాగుచేసే పని, రోజంతా నిచ్చెనల మీదే. ఈత రాదు. సెలవు రోజున నాతో వచ్చి నా బట్టలకూ ఫోనుకూ కాపలా కూర్చునేవాడు.

"గంటల ఒడ్డుకొస్తవ్ గద?" అని అడిగాడు.

"గంట కూడా పట్టదన్నా," అన్నాను.

అక్కడ మోకాలి లోతులో మొదలై నడుము దాకా వచ్చే నీళ్ళలో పగడపు రాళ్ళ మీద కొంత దూరం నడిస్తే, ఉన్నట్టుండి గోడలా లోతు మొదలవుతుంది. ఆ గోడ వెంట ఒక తాబేలు తీరిగ్గా పోతూ కనిపించింది. దాని వెనకే పోయాను. తిరగాల్సిన చోట వెనక్కి తిరగలేదు. సిలిండర్లో గాలి తగ్గేసరికి చాలా దూరం వచ్చేశాను, అక్కడే ఒడ్డెక్కాను. ఎవరో డైవర్లు చాప పరుచుకుని టీ తాగుతున్నారు. నాకూ ఒక గ్లాసిచ్చారు. తాబేలు కబుర్లు చెబుతూ రెండోదీ తాగాను. అన్న గుర్తు రాలేదని అబద్ధమాడను. గుర్తొచ్చాడు. కూర్చునే ఉంటాడులే అనుకున్నాను.

నడిచి వచ్చేసరికి గంటన్నర దాటింది. నా బట్టలు మడతపెట్టి ఉన్నాయి, అన్న లేడు. దూరంగా, లోతు మొదలయ్యే అంచు దగ్గర, ప్యాంటుతోనే నడుము లోతు నీళ్ళలో నిలబడి నన్ను పేరుపెట్టి పిలుస్తున్నాడు. నేను కేకేస్తే తిరిగి చూసి, అక్కడే ఏడ్చేశాడు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. వట్టికాళ్ళతో వెళ్ళి, రాళ్ళ సందుల్లో ముళ్ళబంతుల్లా ఉండే జీవుల్ని తొక్కాడు. నల్లటి ముళ్ళు విరిగి అరికాళ్ళలోనే ఉండిపోయాయి.

"ఏడ వోయినవ్ రా?"

"నీళ్ళు లాక్కుపోయాయన్నా," అన్నాను. నోట్లో టీ తీపి ఇంకా పోలేదు.

మూడు వారాలు ఆయన నిచ్చెన ఎక్కలేకపోయాడు. పలకరించడానికి వచ్చిన ప్రతివాడికీ సముద్రాన్ని తిట్టి మరీ నా కథ చెప్పేవాడు. నేను పక్కన నిలబడి తలూపేవాణ్ణి. ఊపిన ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేసేది. నిజం చెబుదామని రోజూ అనుకునేవాణ్ణి, వేణ్ణీళ్ళ బకెట్టు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టి ఊరుకునేవాణ్ణి.

ఒక సాయంత్రం పిన్నుతో ముల్లు తీస్తున్నాను. నొప్పికి పళ్ళు బిగబట్టుకునే అన్నాడు.

"లోపట ఒక్కనివే ఎంత భయపడ్డవో గద రా."

"చాలా భయపడ్డానన్నా," అన్నాను.

ఆయన వంగి నా తల నిమిరాడు.